విషరసాయనాల ప్రమాదాలు: ఆరోగ్య సిబ్బందికి శిక్షణ, మన బాధ్యత



పైరుకు తెగులు తగిలితే ఏ మందు కొట్టవలెనో మనం తరచు చెప్పుకుంటూనే వుంటాం. ఆ మందే మనిషికి తగిలితే ఏం చెయ్యాలో చెప్పుకునేది చాలా తక్కువ. ఒకే పూట పదిమంది కూలీలకు తగిలితే? ఊరి పక్కనున్న కోల్డు స్టోరేజీలోనుంచి అమ్మోనియా బయటకు వచ్చి వాడంతా కమ్ముకుంటే? అటువంటి వేళ ఆశా కార్యకర్త ముందు వస్తుంది. తరువాత ఎ.ఎన్.ఎం. వస్తుంది, 108 బండి వస్తుంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారు వస్తారు. వీరికి ముందుగా తగిన శిక్షణ వుంటే ప్రాణాలు దక్కుతాయి. లేకపోతే సాయానికి వచ్చినవారే రోగుల పక్కన పడుకోవలసి వస్తుంది. ఈ శిక్షణ ఎటువంటిది, అందులో రైతుకూ విస్తరణ సిబ్బందికీ వున్న పని ఏమిటి అన్నదే నేటి విషయం.

"ఇది డాక్టర్ల సంగతి గదా, వ్యవసాయాధికారి చెప్పటమేమిటి?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని ఒక్కమాట ఆలోచించండి. విషం తిన్నవాడికి, పీల్చినవాడికి వైద్యం చెయ్యాలంటే డాక్టరుకు మొదట తెలియవలసింది ఆ విషం పేరు. ఆ పేరు ఆసుపత్రిలో వుండదు. మన చేలో, మన గట్టుమీద పారేసిన డబ్బామీద, డీలరు స్టాకు రిజిస్టరులో వుంటుంది. అందుచేత ఈ పని సగం వైద్యులది, సగం మనది.

జరిగిన సంగతులు కొన్ని చూద్దాం.

1984వ సంవత్సరం డిసెంబరు 2వ తేదీ రాత్రి, తెల్లవారితే 3వ తేదీ. భోపాల్ నగరంలో యూనియన్ కార్బైడ్ వారి కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు సుమారు 40 టన్నులు వెలువడి ఊరిమీద పడింది. ఆ కర్మాగారంలో తయారయ్యేది ఏమిటో తెలుసునా? కార్బరిల్ అనే పురుగుమందు. మనవాళ్ళు సెవిన్ అనే పేరుతో చల్లినదే. నిద్రలో లేచిన జనం కళ్ళు మండి, ఊపిరాడక, ఎటు దారి కనిపిస్తే అటు పరుగెత్తారు. పరుగెత్తే మనిషి గసపెట్టి మరింత గాలి పీలుస్తాడు. దానితో విషమూ ఎక్కువ లోపలికి పోతుంది. "ముక్కుకు తడిగుడ్డ కట్టుకోండి, గాలికి అడ్డంగా పక్కకు పొండి" అని చెప్పే దిక్కు లేకపోయింది. ఆసుపత్రులు క్షణాల్లో నిండిపోయాయి. ఆ వాయువు ఒంట్లో ఏం చేస్తుందో, దానికి వైద్యమేమిటో అక్కడి డాక్టర్లకు ఎవరూ ముందుగా చెప్పి వుండలేదు. వేలమంది చనిపోయారు. బ్రతికినవారిలో చాలామందికి కళ్ళు, ఊపిరితిత్తులు జీవితాంతం బాగుపడలేదు.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు మన విశాఖపట్నంలో, గోపాలపట్నం పక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి బయటకు వచ్చింది. జనం పరుగెత్తుతూ రోడ్డుమీదే కూలిపోయారు. 12 మంది మరణించారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు, పశువులూ చచ్చిపోయాయి. ప్రమాదపు సైరను మోగించలేదని తరువాత ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు. కనుక అది పైకి పోక నేలను పట్టుకుని, పల్లానికి నీరు పారినట్టు పారుతుంది. ఈ ఒక్క సంగతి తెలిసినవాడు పల్లంవైపు పోక మెరకవైపు పోతాడు.

ఇక పొలం మందులు. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు ఓడలో కారి, పక్కనున్న గోధుమపిండి బస్తాలకు అంటింది. ఆ పిండి తిని సుమారు నూరుమంది చనిపోయారు. 1968లో వచ్చిన పురుగుమందుల చట్టానికి మూలం ఆ దుర్ఘటనే. 2013 జులైలో బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామపు బడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు 23 మంది మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ వందలమంది జబ్బుపడ్డారు, సుమారు ఇరవైమంది ప్రాణాలు విడిచారు. ఆ ఏడు పత్తి మనిషెత్తు పెరిగింది. చేలో నడిచే మనిషి ముఖం మీదికే మందు తుంపర వచ్చింది.

ఈ అన్నింటిలోనూ ఒక పోలిక కనపడుతుంది. విషం వచ్చిపడ్డాక నేర్చుకోవటానికి వ్యవధి లేదు. కాబట్టి నేర్చుకునేదేదో ముందే నేర్చుకోవలెను.

జపాన్ దేశంలో జరిగిన ఒక సంగతి దీనికి మంచి సాక్ష్యం. 1995 మార్చి 20వ తేదీన టోక్యో నగరంలో భూగర్భ రైళ్ళలో దుండగులు సారిన్ అనే విషాన్ని వదిలారు. సారిన్ మన పురుగుమందుల్లోని ఆర్గానోఫాస్ఫేట్ జాతికి చెందినదే, కాకపోతే ఎన్నో రెట్లు ప్రాణాంతకం. సెయింట్ ల్యూక్స్ అనే ఆసుపత్రికి ఆ ఒక్క రోజే ఆరువందల మందికి పైగా వచ్చారు. వారి బట్టలు విప్పించకుండానే లోపలికి తీసుకున్నారు. ఆ బట్టల్లోనుంచి లేచిన ఆవిరికి ఆసుపత్రి సిబ్బందికే కళ్ళు మసకలు కమ్మి, తలనొప్పులు వచ్చాయి. ఇది ఒక పాఠం. రెండో పాఠం ఇంకా విలువైనది. అంతకు ముందు సంవత్సరమే, 1994లో, మత్సుమోటో అనే ఊళ్ళో ఇదే విషం బారినపడ్డ రోగులకు వైద్యం చేసిన డాక్టరొకరు టెలివిజనులో టోక్యో రోగులను చూసి, ఇది ఫలానా విషం అయివుంటుందని టోక్యో ఆసుపత్రులకు కబురు చేశారు. ఒకసారి చూసినవాడు రెండోసారి గుర్తుపట్టగలడు. అందరికీ చూసే అవకాశం రాదు, రాకూడదు కూడా. ఆ లోటు తీర్చేదే శిక్షణ.

మరి ఆరోగ్య సిబ్బందికి ఇచ్చే శిక్షణలో ఏముంటుంది? ముఖ్యంగా ఆరు విషయాలు.

మొదటిది, గుర్తుపట్టటం. ఒక్కడికి వాంతి అయితే అజీర్తి అనుకోవచ్చు. ఒకే చేలో పనిచేసిన నలుగురికి గంట వ్యవధిలో వాంతులైతే విషమని అనుమానించాలి. ఆర్గానోఫాస్ఫేట్ మందులు, అంటే క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్ వంటివి, సోకినప్పుడు ఒంట్లోని నీరంతా బయటికి తోసుకొస్తుంది. నోట చొంగ, కంట నీరు, ఒళ్ళంతా చెమట, వాంతులు, విరేచనాలు. కంటిపాప సూదిమొనంత అవుతుంది. కండరాలు అదురుతాయి. ఛాతీలో గురగుర మొదలై ఊపిరాడదు. వడదెబ్బ తగిలినవాడికి కంటిపాప అంత చిన్నది కాదు, నోటి వెంట చొంగ కారదు. ఎండాకాలం చేలో పడిపోయిన మనిషిని చూసి ఈ తేడా తెలుసుకోగలగటమే మొదటి మెట్టు.

రెండవది, తన్ను తాను కాపాడుకోవటం. సాయానికి పోయేవారు గాలి ఎటునుంచి ఎటు వీస్తున్నదో ముందు చూడాలి. ఇది మన రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. వడ్లు తూర్పారబట్టేటప్పుడు చేట ఎత్తే మనిషి ఎటు నిలబడతాడు, పొట్టు ఎటు పోతుంది? విషవాయువు దగ్గరా అదే సూత్రం. పొట్టు పోయే వైపున మనం వుండకూడదు. మామూలు గుడ్డ మాస్కు విషవాయువును ఆపదు. ఆసుపత్రుల్లో వాడే పలచని తొడుగులు మందులో కలిపే ద్రావకాలను నిలపలేవు. దళసరి రబ్బరు తొడుగులు, రబ్బరు బూట్లు, ముందు కట్టుకునే ప్లాస్టిక్ గుడ్డ కావాలి. వాయువు దట్టంగా వున్నచోటికి తగిన గాలి పరికరం లేకుండా ఎవరూ దిగకూడదు. అది అగ్నిమాపక దళం, జాతీయ విపత్తు స్పందన దళం వారి పని.

మూడవది, విషం కడగటం. రోగిని బండి ఎక్కించకముందే, ఆసుపత్రి గడప దాటించకముందే, తడిసిన బట్టలు విప్పించాలి. ఒంటిమీది విషంలో చాలా భాగం బట్టలతోనే పోతుంది. పొడి మందు పడితే ముందు దులిపి తరువాత కడగాలి. సబ్బుతో, పుష్కలమైన నీటితో తలవెంట్రుకలు, గోళ్ళు, చంకలు, చెవి వెనక కూడా కడగాలి. కంటిలో పడితే పావుగంటసేపు ధారగా మంచినీళ్ళు పొయ్యాలి. ఇందుకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక గొట్టం, రెండు తొట్లు, స్త్రీలకు పురుషులకు విడివిడిగా చాటు, కట్టుకోవటానికి పొడి బట్టలు చాలు. చాటు లేకపోతే ఆడకూలీలు తడిబట్టలతోనే వుండిపోతారు. ఆ మొహమాటమే ప్రాణం తీస్తుంది. శిక్షణలో ఈ సంగతి గట్టిగా చెప్పాలి.

నాలుగవది, వేరుపరచటం. ఒకేసారి యాభైమంది వస్తే ఎవరిని ముందు చూడాలి? గట్టిగా కేకలు పెట్టేవాడిని అనుకుంటాం. కేకలు పెట్టేవాడు ఊపిరి తీస్తున్నాడన్నమాటే. మాట లేకుండా ఓ మూల వాలిపోయిన మనిషిని ముందు చూడాలి. వెంటనే చూడవలసినవారికి ఎరుపు, కొంచెం ఆగగలవారికి పసుపు, నడవగలవారికి ఆకుపచ్చ చీటీలు కట్టే పద్ధతి వున్నది. దీన్ని చేసి చూస్తేనేగాని పట్టుబడదు.

ఐదవది, విరుగుడు. ఇది డాక్టరు గారి పని. అయినా మీరు తెలుసుకోదగిన లెక్క ఒకటి వుంది. ఆర్గానోఫాస్ఫేట్ విషానికి అట్రోపిన్ ఇస్తారు. దాని ఆంపూల్ సామాన్యంగా 0.6 మిల్లీగ్రాములది. ఛాతీలోని గురగుర తగ్గేవరకు అయిదేసి నిమిషాలకు మోతాదు రెట్టింపు చేస్తూ పోవాలి. అయిదు ఆంపూల్స్‌తో మొదలుపెడితే తరువాత పది, ఇరవై, నలభై. నాలుగు విడతలకే డెబ్బై అయిదు! ఇది ఒక్క రోగికి. మరి మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎన్ని వున్నాయి? మందు కొట్టే కాలానికి ముందే ఈ ప్రశ్న అడగటం గ్రామ పెద్దల విధి. ఇంకొక మాట. ఆ మందు పడ్డాక రోగికి నోరెండటం, గుండె దడదడలాడటం, కొంత సంధి మాటలు మాట్లాడటం కద్దు. "సూది వేశాక పిచ్చెక్కింది" అని బంధువులు గొడవపడి రోగిని తీసుకుపోరాదు. కొంచెం నెమ్మదించిన రోగికి కూడా ఒకటి రెండు రోజుల తరువాత మెడ నిలబడకపోవటం, ఊపిరి మందగించటం జరగవచ్చు. కాబట్టి డాక్టరు గారు పంపేవరకు ఆసుపత్రిలోనే వుంచాలి.

అన్ని విషాలకూ ఒకే విరుగుడు లేదు. పారాక్వాట్ అనే కలుపుమందుకు విరుగుడే లేదు. పైగా అవసరం లేకుండా ఆక్సిజను పెడితే ఊపిరితిత్తులకు మరింత చెరుపు. గోదాముల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలకూ విరుగుడు లేదు. వాటికి తడి తగిలితేనే విషవాయువు పుడుతుంది. ఆ బిళ్ళలు చెదిరినచోట నీళ్ళు గుమ్మరించరాదు. విషం పేరు మొదట తెలియాలని అందుకే అన్నాను.

ఆరవది, వ్రాసిపెట్టటం. ఎవరికి, ఏ వేళ, ఏ మందు, ఎంతసేపు తగిలింది, ఎక్కడికి పంపాం. ఈ జాబితా లేకపోతే రేపు పరిహారం రాదు, వచ్చే ఏటి జబ్బు గుర్తింపబడదు. భోపాల్ బాధితులు ఏళ్ళ తరబడి కాగితాలకోసం తిరగవలసి వచ్చింది.

చదివి వినిపిస్తే ఈ ఆరూ ఒంటబట్టవు. చేసి చూడాలి. భోపాల్ తరువాత వచ్చిన 1989 నాటి నిబంధనలు, 1996 నాటి నిబంధనలు ప్రమాదకర రసాయనాలున్న కర్మాగారాల వద్ద అభ్యాసాలు జరగవలెనని చెపుతున్నవి. వెలుపలి గ్రామాలను కలుపుకుని జరిపే అభ్యాసం ఏడాదికి ఒకసారైనా వుండాలి. జిల్లా స్థాయి బృందానికి కలెక్టరు గారే పెద్ద. మీ ఊరు అటువంటి కర్మాగారం పక్కన వుంటే, ఈ ఏటి అభ్యాసం ఎప్పుడని గ్రామసభలో అడగండి. అది మీ హక్కు.

కర్మాగారం లేని ఊళ్ళో కూడా ఒక పూట అభ్యాసం పెట్టుకోవచ్చు. ఖర్చు స్వల్పం. మండల ఆరోగ్య సిబ్బందిని, 108 సిబ్బందిని, పశువైద్యులను, డీలర్లను పిలవండి. నలుగురు కుర్రవాళ్ళ పాతచొక్కాలమీద పసుపునీళ్ళు పిచికారి చెయ్యండి. ఆ పసుపే విషమనుకోండి. వారు చేలో పడిపోయినట్టు నటిస్తారు. మిగతావారు వారిని లేపి, బట్టలు విప్పించి, కడిగి, బండి ఎక్కించాలి. అంతా అయ్యాక ఎవరి చేతులకు, ఎవరి చీరకొంగుకు, బండిలో ఏ సీటుకు పసుపు అంటిందో చూడండి. పసుపు అంటినచోటల్లా విషం అంటినట్టే. రెండోసారి చేసి చూస్తే అంటేది తగ్గుతుంది. గంటసేపు ఉపన్యాసం నేర్పలేనిది ఆ పసుపు మరక నేర్పుతుంది.

విస్తరణ మిత్రులకు ఒక మాట. మీ మండలంలో ఎక్కువగా వాడే మందుల జాబితా తయారుచేసి, ప్రతి మందు ఎదుట దాని జాతి, లేబిలుమీద వ్రాసిన విరుగుడు వ్రాసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గోడకు అంటించండి. పంట మారినప్పుడల్లా జాబితా మార్చండి. అలాగే అమ్మోనియా వుండే కోల్డు స్టోరేజీలు, రొయ్యల ప్లాంట్లు, క్లోరిన్ సిలిండర్లు వుండే నీటి సరఫరా కేంద్రాలు, బిళ్ళలు పెట్టే గోదాములు ఎక్కడెక్కడ వున్నవో ఆరోగ్య సిబ్బందికి చూపించండి. అర్ధరాత్రి డాక్టరు గారు ఫోను చేసి "ఆ ఊళ్ళో ఈవేళ ఏం కొట్టారు?" అని అడిగితే మీ దగ్గర జవాబుండాలి.

ఇక రైతు సోదరులు చెయ్యవలసినది.

డబ్బామీది రంగు త్రికోణం చూడండి. ఎరుపు అత్యంత విషం, పసుపు అధిక విషం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ స్వల్పం. లేబిలు చించవద్దు. మందు తగిలిన మనిషి వెంట ఆ డబ్బానో, లేబిలునో మూటగట్టి ఆసుపత్రికి పంపండి. సెల్‌ఫోనులో దాని బొమ్మ తీసి పంపినా మేలే. ఖాళీ డబ్బాను నూనెకో, పాలకో, నీళ్ళకో వాడవద్దు. కడిగి, చిల్లు పొడిచి పారవెయ్యండి.

విషం మింగిన మనిషికి ఉప్పునీళ్ళు, చింతపండు రసం, పేడనీళ్ళు పోసి వాంతి చేయించవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోయి అసలుకే మోసం వస్తుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోరు తుడిచి, 108కి ఫోను చెయ్యండి. నోటితో నోటికి ఊపిరి ఊదవద్దు. "ఒక సెలైను కట్టించుకుని పడుకుంటే పోతుందిలే" అని ఊళ్ళోనే కాలం గడపవద్దు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో జాతీయ విష సమాచార కేంద్రం రాత్రింబగళ్ళు పనిచేస్తుంది. ఫోను నెంబరు 1800116117. డాక్టరు గారైనా, మీరైనా అడగవచ్చు. ఈ నెంబరును డీలరు షాపు గోడమీద, రచ్చబండ దగ్గర వ్రాయించండి.

వాయువు లీకైతే గాలికి అడ్డంగా పక్కకు, మెరకకు పొండి. వీలుంటే తడిగుడ్డ ముక్కుకు పెట్టుకోండి. పరుగెత్తవద్దు, గబగబ నడవండి. దారిలో ముసలివారిని, చంటిపిల్లల తల్లులను కలుపుకోండి. పశువుల పలుపులు విప్పి వదలండి.

మనం విత్తనం చల్లేముందు మొలకశాతం చూసుకుంటాం, వాన రాకముందే గట్లు సరిచేసుకుంటాం. ఈ పనీ అటువంటిదే. కూలికి వచ్చిన మనిషి పొద్దున ఎలా వచ్చాడో సాయంత్రం అలా ఇంటికి చేరాలి. అతని ఇంటివారు మనల్ని నమ్మి పంపారు. ఈ ఖరీఫులో మొదటి పిచికారికి ముందే మీ ఊళ్ళో ఒక పూట ఈ అభ్యాసం పెట్టండి. మీ ఎ.ఎన్.ఎం.ను, ఆశా కార్యకర్తను మీరే వెళ్ళి పిలవండి.